బస్తరు పల్లెలో బాల్యము, పనిపాటలు

బస్తరు సీమను గూర్చి తెలుగువారికి రెండు సంగతులు బాగుగా తెలియును. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు గోదావరిని దాటి ఇంద్రావతీ తీరమున రాజ్యము స్థాపించెనన్న వంశకథ మొదటిది. అతని వెంట నడచివచ్చిన అమ్మవారి అందెల రవళి ఏటి ఇసుకలో వినరాకపోగా రాజు వెనుదిరిగి చూచెననియు, అంతట ఆమె శంఖినీ డంకినీ నదుల సంగమమున నిలిచిపోయి దంతేశ్వరి అయినదనియు చెప్పుకొను ఐతిహ్యము రెండవది. 1703 నాటి దంతెవాడ శాసనము బస్తరు రాజవంశమును ఓరుగల్లు కాకతీయులతోనే ముడివేసినది. అంతకు పూర్వమే, నాగవంశీయుల యేలుబడిలో, బారసూరున తెలుగు శాసనములు వెలసినవి. కనుక ఈ సీమ తెలుగువారికి పరాయిది కాదని సభలలో చెప్పుకొనుట పరిపాటియైనది.

అయితే ఇవన్నియు రాజుల సంగతులు. ఆ రాజులకు పన్ను కట్టి, వారి మూటలు మోసి, దసరా రథమునకు అడవినుండి దుంగలు తెచ్చి, ఆ రథమును లాగిన పల్లెవారి బిడ్డలు ఎట్లు పెరిగిరి, ఏ వయసున ఏ పనికి పోయిరి అను విషయము ఏ శాసనమునకును ఎక్కలేదు. ఉన్న సమాచారములో విశేషభాగము 1940 తరువాతిది. దానిని సేకరించినవాడు ఇంగ్లండునుండి వచ్చిన వెరియర్ ఎల్విన్.

ఎల్విన్ 1902లో డోవరు రేవుపట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ బిషప్పు. కుమారునికి ఏడవయేట మరణించెను. తల్లి మతనియమములను కఠినముగా పాటించిన ఇల్లాలు. ఆక్స్‌ఫర్డులో చదివి, 1927లో మతసేవకుడుగా భారతదేశమునకు వచ్చి, గాంధీమహాత్మునికి సన్నిహితుడై, పిమ్మట మండ్లా జిల్లా గోండుల నడుమ కాపురముండెను. మతప్రచారము మానివేసి 1940లో బస్తరునకు వచ్చెను. చిత్రకూట జలపాతపు ప్రాంతమున ఉండి, మిత్రుడు శామరావు హివాలే తోడురాగా, ఊరూరు తిరిగి మురియా బాలబాలికల మాటలను వ్రాసికొనెను. మురియాల ఘోటుల్‌ను గూర్చిన ఆయన గ్రంథము 1947లో వెలువడినది. పుటలు ఏడువందలకు మించినవి.

ఇంచుమించు అదే కాలమున ఇంగ్లండులో ఫ్లోరా థాంప్సన్ అను వనిత తన పల్లె బాల్యమును గ్రంథరూపమున వెలువరించుచుండెను. ఆమె ఆక్స్‌ఫర్డు షైరులోని జునిపర్ హిల్ అను కుగ్రామమున రాతిపనివాని కుమార్తెగా పెరిగి, పదునాలుగవయేట తపాలా కచేరీలో కొలువునకు చేరినది. ఆమె వ్రాసిన ‘లార్క్ రైజ్’ 1939లో అచ్చయినది. పొలము కోతలు, కోతల తరువాత స్త్రీలు పరిగె ఏరుట, పందుల పెంపకము, చిన్నపిల్లలు పనికత్తెలుగా పరయిండ్లకు పోవుట, ఇవన్నియు అందు కలవు. ఆ పల్లె బిడ్డకు చదువబ్బినది, చేత కలము ఉన్నది; తన కథ తానే చెప్పుకొన్నది. బస్తరు పిల్లలకు ఆ భాగ్యము లేదు. వారు చెప్పగా ఇతరులు వ్రాసిరి. చెప్పువాడు వేరు, వ్రాయువాడు వేరు అయినప్పుడు అడిగిన ప్రశ్నకే జవాబు దొరకును. అడుగనిది మరుగున పడును. ఘోటుల్ విషయమున జరిగినది ఇదియే.

మురియాలు గోండు జాతివారు. వారి భాష తెలుగునకు చెలియలు. కంటిని కన్ అనియు, చేతిని కై అనియు, పాలను పాల్ అనియు, చెట్టును మర అనియు, నీటిని ఏర్ అనియు పలుకుదురు. ఊరు వారికి నార్; కూకానార్, నేతానార్ వంటి ఊరిపేర్లు ఇందుకు సాక్ష్యము. వారి పండుమ్ మన పండుగయే. విత్తులు చల్లుటకు ముందొక పండుమ్, మామిడికాయ తినుటకు ముందొక పండుమ్, కొత్తబియ్యమునకు మరియొకటి. పండుమ్ జరుగనిదే ఆ ఏటి ఫలమును నోట పెట్టరాదు. గోదావరి మన్యమున కొత్తల పండుగ చూచినవారికి దీనిని వేరుగా వివరింపనక్కరలేదు.

అట్టి పల్లెలో బిడ్డకు ఐదారేండ్లు నిండగానే పని మొదలగును. మొదటిది చంటిపిల్లను చంకనెత్తుకొనుట. తరువాత మేకలు, ఆపైన పశువులు. ఫాల్గుణ చైత్రములలో ఇప్పపూవు రాలు కాలమున ఇల్లిల్లు తెల్లవారక ముందే ఖాళీయగును. చెట్టు క్రింది ఎండుటాకులను ముందుగా కాల్చి నేలను శుభ్రము చేసియుంతురు. రాత్రియంతయు రాలిన పూవును పశువులు, ఎలుగుబంట్లు తినిపోకముందే ఏరవలెను. ఏరుటకు చిన్నచేతులే అనువు. పూవును ఎండబెట్టి దాచికొందురు. కరవు వచ్చినప్పుడు అదియే తిండి. పిమ్మట తునికాకు, వేసవి ఎండలో ఆకు కోసి, లెక్కపెట్టి కట్టలు కట్టుటలో పిల్లల పాలు తక్కువ కాదు. సాల వృక్షపు ఆకులతో విస్తళ్లు, దొప్పలు కుట్టుట ఆడపిల్లలు ఆటగా నేర్చెడి విద్య. చెట్టుకొమ్మలనుండి ఎర్రచీమల గూళ్లు దింపి పచ్చడికి తెచ్చుట మగపిల్లల సాహసము. వాన కురిసిన తరువాత కాలువకు బుట్టవేసి చేపలు పట్టుట ఇద్దరికిని సమానమే. పంట గింజపట్టు వేళ మంచె ఎక్కి రాత్రులు కాపు కాయవలెను. ఎక్కడికి పోయినను ఆనపకాయ బుర్రలో నీళ్లో, అంబలియో భుజమున వ్రేలాడుచుండును.

ఇంటి పని ఇది. ఊరి పని నేర్పునది ఘోటుల్.

ఘోటుల్ అనగా ఊరి యువజనుల ఇల్లు. చుట్టును దడి, లోపల విశాలమైన వాకిలి, మధ్య నిప్పుగుండము, పందిరి. పెండ్లికాని బాలబాలికలు పగలెల్ల తమ ఇండ్లలోను, పొలములలోను పనిచేసి, రాత్రి భోజనము కాగానే ఇక్కడికి చేరుదురు. బాలుని చెలిక్ అనియు, బాలికను మోటియారి అనియు పిలుతురు. లోపల అడుగుపెట్టిన తరువాత తల్లిదండ్రులు పెట్టిన పేరు చెల్లదు; ఘోటుల్ ఇచ్చిన పేరే పేరు. ఆడపిల్లలకు బేలోసా, దులోసా వంటి మురిపెపు పేర్లు. మగపిల్లల పేర్లు చూచిన కచేరీ ఉద్యోగులకు నవ్వు రాకమానదు; సిర్దారు, దివాను, తహసీలుదారు, కొత్వారు! పగటివేళ ఏ తహసీలుదారు పేరు వినగానే ఊరు గుండె దడదడలాడెడిదో, రాత్రి ఆ హోదాను పదునాలుగేండ్ల పశులకాపరి అలంకరించియుండెడివాడు. ఇది ఎగతాళియో, అనుకరణమో ఎల్విన్ కాలమునాటి పిల్లలే చెప్పవలసినమాట.

ఈ హోదాలు ఉట్టి అలంకారములు కావు. ఒక్కొక్క చిన్నవాడును ప్రతిదినము ఘోటుల్ నిప్పునకు కట్టె తేవలెను. తేనివానికి జరిమానా గాని, చిన్న శిక్ష గాని తప్పదు. తెచ్చిన కట్టె పరిశీలించు అధికారము ఒకనిది. వాకిలి ఊడ్చి అలుకుట బాలికల వంతు. వంతు తప్పినవారిని అడుగు అధికారిణి మరియొకతె. పొగాకు పంచుట, చాపలు పరచుట, చిన్నపిల్లలకు ఆటపాటలు నేర్పుట, ప్రతిపనికిని ఒక బాధ్యుడుండెను. ఊరిలో పెండ్లి యైనచో ఆకులు కోసి తెచ్చుట, కట్టెలు కొట్టుట, విందునకు వలయు సాయము చేయుట, రాత్రియంతయు ఆడిపాడుట ఘోటుల్ విధి. ఇల్లు కట్టువాడు, పొలము కోయువాడు ఘోటుల్‌ను పిలిచినచో పిల్లలందరును ఒక్క జట్టుగా కదలుదురు. ప్రతిఫలము ఒక్కొక్కరి చేతికి రాదు. అందరి సొత్తుగా ఉండి, పండుగనాటి విందునకు ఖర్చగును. పుష్యమాసమున బాలురు మాత్రమే కోలలు చేతబట్టి ఊరూరు తిరిగి నృత్యము చేసి ధాన్యము కూర్చుకొందురు. ఈ యాత్రకు పూస్ కోలాంగ్ అని పేరు. మన కోలాటమును తలపింపజేయు ఆ మాటను వినిన తెలుగువాడు ఒక్కక్షణము ఆగకమానడు.

బాలుడు తన చేతితో కొయ్యదువ్వెన చెక్కి బాలికకు ఇచ్చును. ఆమె సిగలోని దువ్వెనలను బట్టి ఆమెయెడ మన్నన తెలియును. కత్తి పట్టుట, కొయ్య నాడెము తెలియుట, నగిషీ చెక్కుట ఆ దువ్వెన వలననే అబ్బును. పెండ్లి నిశ్చయమైన నాడు స్నేహితులందరు కంటనీరు పెట్టుకొని సాగనంపగా ఘోటుల్ విడిచిపోవలెను. తరువాత లోపలికి రాకూడదు. అప్పటికి వారికి నలుగురితో కలిసి పనిచేయుట, వంతు తప్పకుండుట, తప్పినచో శిక్షను ఒప్పుకొనుట అలవడియుండెను. పెద్దలు ఘోటుల్ వ్యవహారములలో జోక్యము చేసికొనుట అరుదు.

దీనిని స్థాపించినవాడు లింగో దేవుడని మురియాల విశ్వాసము. ఆయన ఏడుగురు అన్నదమ్ములలో కడసారివాడు. పదునెనిమిది వాద్యములను ఒక్కడే ఒకేసారి వాయింపగలవాడు. ఆ వాద్యము వినుచు వదినెలు ఇంటిపని మరచి మైమరచి కూర్చుండిరి. పొలమునుండి వచ్చిన అన్నలకు అంబలి లేదు, నీళ్లు లేవు. వారు కోపించి తమ్ముని చంపుటకు పలువిధముల యత్నించి విఫలులైరి. ఈ కథలో పాట ఎంత ముఖ్యమో పని అంత ముఖ్యము. పాట పనిని మరపించినందుననే కలహము పుట్టినది. పని ముగించుకొని వచ్చినవారికి పాట అను ఘోటుల్ నియమమును ఈ కథతో కలిపి చదువుట ఉచితము.

ఇట్టి పల్లె నిశ్చింతగా ఉండెనని అనుకొనుట పొరపాటు. బస్తరు పల్లెలకు ఒక్కొక్కదానికి తన అడవి, తన ఎల్ల ఉండెడివి. పొరుగూరి అడవినుండి కట్టె కావలసినచో ఆ యూరివారికి చిన్న రుసుము చెల్లించెడివారు. దానిని దేవసారి, దాండ్, మాన్ అను పేర్లతో పిలిచెడివారు. ఈ ఒప్పందములు కాగితముమీద లేవు గాని తరతరములుగా చెల్లినవి. 1905లో బ్రిటిషు ప్రభుత్వము అడవిలో మూడింట రెండు పాళ్లను రక్షితారణ్యముగా ఏర్పరుపవలెననియు, పోడును, వేటను, అటవీఫలముల సేకరణను ఆపవలెననియు తలపెట్టినది. కొన్ని పల్లెలను మాత్రము అడవిలో ఉండనిచ్చిరి; అందులకు ప్రతిగా చెట్లు నరకుట, మోయుట, మంటలు ఆర్పుట ఉచితముగా చేయవలెను. తక్కిన పల్లెలకు నోటీసు గాని, పరిహారము గాని లేకుండ స్థానభ్రంశము కలిగినది. దీనికి తోడు అధికారి వచ్చినచో మూటలు మోయుట, సామగ్రి సమకూర్చుట, బాటలు వేయుట అను వెట్టి. 1907-08 నాటి కరవు. గూడెం మన్యమున బాస్టియన్ దొర వేయించిన బాటలకు కూలి అందక, 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గిరిజనులు నడచిన చరిత్ర తెలిసినవారికి బస్తరు కథ పరిచితముగనే తోచును. బస్తరు మాత్రము పన్నెండేండ్లు ముందు లేచినది.

1910 ఫిబ్రవరిలో మామిడికొమ్మలు, మట్టిముద్ద, మిరపకాయలు, బాణములు ఊరినుండి ఊరికి సాగిపోయినవి. అదియే పిలుపు. నేతానార్ గ్రామపు గుండా ధూర్ పేరు జనుల నోట నిలిచినది. సంతలు దోచిరి, అధికారుల, వర్తకుల ఇండ్లు, బడులు, ఠాణాలు తగులబెట్టిరి. ధాన్యమును పంచిపెట్టిరి. దీనినే భూమ్‌కాల్ అందురు. బడులను కూడ కాల్చుట విద్యాద్వేషమని కొందరు వ్రాసిరి. బడి భవనమునకు వెట్టి, బడిపంతులు పోషణకు వెట్టి, పశువులు కాయవలసిన బిడ్డను ఆ బడి లాగికొనుట. ఆ పల్లెవారి కంటికి బడియు, ఠాణాయు ఒకే గోడలుగా కనిపించియుండును. తిరుగుబాటును అణచుటకు సైన్యమునకు మూడు మాసములు పట్టినది. గుండా ధూర్ చిక్కలేదు. అడవిని మూసివేయు పని కొంతకాలము ఆగినది. పిమ్మట మూసివేసిన భాగము ముందనుకొన్నదానిలో ఇంచుమించు సగము మాత్రమే. ఎల్విన్ వచ్చునప్పటికి ముప్పదియేండ్లు గడచినవి. ఆయన ఎదుట దువ్వెనలు చెక్కిన పిల్లల తాతలు ఆ బాణము పోయిన దారి ఎరిగినవారే.

ఎల్విన్ గ్రంథమున పని, పాట, కథ, ఆట, శిక్ష అన్నియు కలవు. ఆయనకు ఆ పిల్లలయెడ నిజమైన వాత్సల్యముండెను. కాని చదివిన లోకము ఘోటుల్‌లోని యువతీయువకుల చెలిమిని గూర్చిన అధ్యాయములనే వెదకికొని చదివినది. కొంత దోషము ఆయనయందును కలదు. తన బాల్యమున ఎరుగని స్వేచ్ఛ ఆయనను మిక్కిలి ముగ్ధుని చేసినది. ఆ గ్రంథము సంక్షిప్తమై 1968లో ‘యువజన రాజ్యము’ అను అర్థముగల పేరుతో మరల వెలువడినది. కెమెరాలు పట్టుకొని ఘోటుల్ తలుపు వెదకిన యాత్రికులు, వినోదవార్తలు వ్రాసినవారు కట్టె తెచ్చిన పిల్లవానిని చూడలేదు. తమ ఇంటి ఆడపిల్లలను గూర్చి బయటివారు నవ్వుటను వినిన పల్లెలు సిగ్గుపడి ఘోటుల్‌ను మూసివేసికొన్నవి. కొన్నియెడల బడులు, హాస్టళ్లు వచ్చి పిల్లలను అటు తీసికొనిపోయినవి.

నారాయణపూర్ సమీపమున గఢ్‌బెంగాల్ అను మురియా పల్లె కలదు. స్వీడను దేశపు చిత్రదర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ 1957లో వెలువరించిన చిత్రమును ఈ ప్రాంతముననే తీసెను. సంగీతము రవిశంకరుది. చెంద్రూ అను బాలుడు పులిపిల్లతో ఆడుకొనుట చూచి ప్రపంచము ముచ్చటపడినది. ఆ బాలుని స్వీడనుకు తీసికొనిపోయి మరల ఊరికి చేర్చిరి. తరువాత అతడు దశాబ్దములపాటు అదే ఊరిలో సామాన్య కృషీవలుడుగా బ్రదికి, 2013లో మరణించెను. ప్రపంచము చూచినది పదియేండ్ల బాలుని. ఆ మీదటి అర్ధశతాబ్దపు నాగటి చాలు ఎవరికిని చిత్రవస్తువు కాలేదు. అదే పల్లెకు చెందిన కొయ్యశిల్పి పండీరాం మండావికి 2025లో పద్మశ్రీ పురస్కారము లభించినది. కొయ్య చెక్కుటయు, గాలిలో త్రిప్పినంతనే మ్రోగు వెదురు పిల్లనగ్రోవి చేయుటయు ఆయన విద్య. పల్లెలో పెద్దల చేతినుండి పిల్లల చేతికి వచ్చిన పనియే ఇది.

1948లో సంస్థానము మధ్యపరగణాలలో విలీనమైనది. 1958లో తూర్పు బెంగాలు శరణార్థుల కొరకు కేంద్రప్రభుత్వము దండకారణ్య ప్రణాళికను ఆరంభించినది. అందు బస్తరులోని పరల్‌కోట ఒక కేంద్రము. అదే సంవత్సరము జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఏర్పడినది. ఎద్దుమూపురమను అర్థముగల బైలాడిలా కొండనుండి 1968లో ఇనుపరాయి త్రవ్వకము మొదలై, కొత్తవలస–కిరందూలు రైలుమార్గమున విశాఖ రేవునకు, అటనుండి జపానుకు సాగినది. ఈ పనులతోనే పెక్కు తెలుగు కుటుంబములు ఇక్కడికి వచ్చినవి. కాలనీలు, బడులు, ఉగాది సభలు వెలసినవి. సంతరోజున కాలనీ ఇల్లాండ్రు చింతపండునకు, సారపప్పునకు బేరమాడునది కొండక్రింది దండామి మాడియాలతో. బేరము హల్బీలో సాగినను, లెక్క తప్పినప్పుడు ఆ ముసలమ్మ తనలో తాను గొణుగుకొను మాటలలో సగము తెలుగునకు దగ్గరవే. గనిలో దినకూలి దొరికిన మొదటితరము యువకులకు చేతికి విడిగా డబ్బు వచ్చుట క్రొత్త. జట్టు సొత్తు అను భావమునకు అది గొడ్డలిపెట్టని చెప్పవచ్చును. ఆ డబ్బుతో వైద్యము, చదువు, గుడ్డ దొరకినవన్నమాటయు అంతే నిజము.

2005 తరువాత దక్షిణ బస్తరున చెలరేగిన సాయుధ సంఘర్షణలో వందలకొలది పల్లెలు చెదరిపోయినవి. కొందరు శిబిరములకు, కొందరు అడవులకు, వేలకొలది జనులు గోదావరీతీరపు తెలుగు జిల్లాలకు తరలిరి. 2011లో సుప్రీంకోర్టు గిరిజన యువకులకు ఆయుధములిచ్చి పోరాటమునకు పంపుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పినది. తరలిపోయినవారిలో పెక్కుమంది మరలిరాలేదు. భద్రాద్రి కొత్తగూడెము, ములుగు జిల్లాల అడవులలో చిన్న చిన్న గూడెములు కట్టుకొని ఉన్న వారిని అక్కడివారు గుత్తికోయలందురు. ఏడువందల యేండ్ల క్రిందట రాజకుమారుడు వచ్చిన దారినే వారు ఎదురునడచి పోయిరి. వెంట అమ్మవారు గాని, శాసనము గాని లేదు. పలువురికి భూమిపట్టా లేదు, కులధ్రువపత్రము లేదు. మాఘ ఫాల్గుణములలో వారి ప్రధానమైన పని మిరపకోత. తెల్లవారకముందే రైతు పంపిన ట్రాక్టరు వచ్చును. తల్లులతో పాటు పెద్దపిల్లలు ఎక్కుదురు. గూడెమున మిగిలిన ఆరేండ్ల పిల్ల చంటిబిడ్డను చంకనెత్తుకొనును. సాయంకాలము కూలివారు తిరిగివచ్చునప్పటికి చేతులు మండుచుండును; ఆనపకాయ బుర్రలోని నీళ్లతో కడిగికొందురు. రైతుతో తెలుగు మాటాడుదురు. ఇంటికి వచ్చి నిప్పుచుట్టును కూర్చున్నప్పుడు కోయభాష. ఘోటుల్ వారికి లేదు. కట్టె మాత్రము ప్రతిదినము ఎవరో ఒక పిల్లవాడు తేవలసినదే.